పక్క కాలేజీలో మా అమ్మాయి

కొత్తగా చేరిన విద్యార్థులకు దారి చూపించడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా చుట్టాల్లో చాలామంది అడిగేవారు. ఉద్యోగమే. రిటైరయ్యేదాకా నేను చేసింది అదే. సర్జాపుర రోడ్డు మీద ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో, గాజు తలుపు మీద ‘విద్యార్థి సహాయ కేంద్రం’ అని రాసి ఉన్న గదిలో కూర్చునేదాన్ని. లైబ్రరీ ఎటు, లిఫ్టు ఎప్పుడు బాగవుతుంది, మెస్సులో సాంబారు ఎందుకు తియ్యగా ఉంటుంది, ఇంటిమీద బెంగ పెట్టుకుంటే ఎవరితో చెప్పుకోవాలి, ఇలాంటివన్నీ ఆ తలుపు తోసుకొని నా దగ్గరికే వచ్చేవి. సాంబారు సంగతి తప్ప మిగతావన్నీ తీర్చగలిగేదాన్ని.

మీలో ఎవరైనా ఇప్పుడిప్పుడే ఇలాంటి కుర్చీలో కూర్చుంటూ ఉంటే ఈ సంగతి మీకోసమే చెబుతున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం మూడు రోజులు అన్నం సయించలేదు.

ముందు మా గోడ గురించి చెప్పాలి. మా క్యాంపస్ పక్కనే, ఒకే గోడకు అవతల, ఇంకో కాలేజీ ఉండేది. రెండూ ఒకప్పుడు ఒకటే స్థలం. మా చైర్మన్, వాళ్ళ చైర్మన్ బావాబావమరుదులు. అందులో మా చైర్మన్ బావ. ఎందుకు చెడిందో సరిగ్గా చెప్పగలిగినవాళ్ళు లేరు. గేటు రంగు దగ్గర మొదలైందని కొందరు, ఎవరి పెళ్ళిలోనో భోజనాల దగ్గర అని కొందరు అనేవారు. మొత్తానికి మధ్యలో గోడ లేచింది, మాటలు ఆగిపోయాయి. కానీ భవనాలు కట్టింది ఒకే మేస్త్రీ. అటూ ఇటూ అదే ఎర్ర ఇటుక, అదే నీలం గాజు, అదే ఏ బ్లాకు, బీ బ్లాకు. పేర్లూ అంతే. ఒకాయనకు అత్తగారు, ఇంకొకాయనకు కన్నతల్లి అయిన పెద్దావిడ పేరే రెండు కాలేజీలకూ ముందు ఉండేది. వెనకాల వచ్చే మాటలు మాత్రమే వేరు. అవి ఎవరు చదువుతారు?

ఆ ఏడాది మాకు కొత్త డైరెక్టరు వచ్చింది. హైదరాబాదు అమ్మాయి. ఐటీ ఉద్యోగం వదిలేసి వైట్‌ఫీల్డ్ నుంచి రోజూ ట్రాఫిక్‌లో పడి వచ్చేది. మంచి పిల్ల, హుషారైనది. వచ్చీ రాగానే ఒక యాప్ తయారు చేయించింది.

“మేడమ్, ఈసారి ఒక్క స్టూడెంట్ కూడా మిస్ అవ్వకూడదు. ఎవరు ఎక్కడున్నారో మనకు స్క్రీన్ మీద తెలిసిపోతుంది. ఆకుపచ్చ రంగు ఉంటే అంతా ఓకే అన్నట్టు,” అంది.

అలాగేనమ్మా అన్నాను. నాకు ఆకుపచ్చ అంటే ఇష్టమే.

మొదటి రోజు పొద్దున గేటు దగ్గర జాతరలా ఉంది. పెట్టెలు, దుప్పట్లు, ఊరగాయ జాడీలు, తల్లులు, తాతలు. సరిగ్గా అప్పుడే చైర్మన్‌గారి కారు వస్తోందని కబురు. మా సెక్యూరిటీ సూపర్‌వైజరు చందాపురలో పుట్టి పెరిగిన పాత బెంగళూరు తెలుగువాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. అతను ఈల వేసి, చేతులు రెండూ చాపి కేకపెట్టాడు.

“అయ్యగారి కారు వస్తా ఉండాది! అందురూ పక్క గేటులో పోండప్పా, గలాటా చేయొద్దు!”

పక్క గేటు అంటే అతని ఉద్దేశం మూల తిరిగాక ఉన్న మా రెండో గేటు. కొత్తవాళ్ళకు కంటికి కనిపించింది మాత్రం పక్కింటివాళ్ళ గేటు. దానికీ అరటి బోదెలు, దానికీ పూలదండలు, దానిమీదా పెద్దావిడ పేరే. చాలామంది పొరపాటు గమనించి వెనక్కి వచ్చేశారు. అందరూ వచ్చేశారనే అనుకున్నాం.

మూడు వారాలు గడిచాయి. ఐడీ కార్డులు అచ్చయి వచ్చాయి. పిల్లలందరూ వచ్చి, తమ ఫోటోలు చూసుకొని ఏడ్చి, పట్టుకుపోయారు. ఒక కార్డు మాత్రం నా బల్లమీద మిగిలిపోయింది. బీకాం అమ్మాయి. ఫోటోగ్రాఫరు మీద కేసు పెట్టేలా చూస్తోంది ఫోటోలో. క్లాసుకి వెళ్ళి అడిగితే అలాంటి అమ్మాయిని ఎవరూ చూడలేదన్నారు. డైరెక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆమె స్క్రీన్ తెరిచింది. అంతా ఆకుపచ్చే.

“మరి ఈ అమ్మాయి ఎక్కడమ్మా?”

“లాగిన్ అయితేనే కదా మేడమ్ యాప్‌కి తెలిసేది.”

“అసలు ఒక్కరోజు కూడా రానివాళ్ళు?”

ఆమె స్క్రీన్ పైకీ కిందికీ జరిపి చూసి, నెమ్మదిగా చెప్పింది. “వాళ్ళు... సిస్టంలో ఉండరు మేడమ్.”

మొదటి నెలలో ఒక్క హాజరు కూడా పడకపోతే సీటు దానంతట అదే రద్దయిపోతుందని మా నిబంధన. నెల నిండడానికి ఎన్నో రోజులు లేవు. సీటు సంగతి అలా ఉంచండి. పరాయి ఊళ్ళో పద్దెనిమిదేళ్ళ పిల్ల మూడు వారాలుగా కనిపించకపోతే మనసు ఎటెటు పోతుందో ఆడపిల్లల తల్లినైన నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వాళ్ళ నాన్నకు ఫోన్ చేశాను. ఆయన కనిగిరి వైపు ఆర్టీసీ బస్సు డ్రైవరు. ఫోన్ ఎత్తింది కండక్టరు.

“ఆయన బస్సు నడుపుతున్నాడమ్మా. ఏంది సంగతి, నాకు చెప్పండి.”

“వాళ్ళమ్మాయి కాలేజీ నుంచి, బెంగళూరు...” అన్నానో లేదో, కండక్టరు బస్సంతా వినపడేలా అరిచాడు. “అన్నా! పాప కాలేజీ నుంచి ఫోను! బెంగళూరు!”

వెనకాల ఎవరో ముసలావిడ “ఏమైందంట పిల్లకి?” అనడం, ఇంకెవరో “అంత దూరం పంపొద్దని అప్పుడే చెప్పా,” అనడం నాకు స్పష్టంగా వినిపించాయి. నేను కనక నిజం చెప్తే ఆ పిల్ల పరువు తర్వాతి స్టాపులోనే దిగిపోతుంది.

“ఏమీ లేదండీ,” అన్నాను నవ్వు తెచ్చుకొని. “ఐడీ కార్డు వచ్చింది, తీసుకోమని చెప్పడానికి. అమ్మాయి రోజూ వస్తోంది కదా?”

కండక్టరు అడిగి చెప్పాడు. “రోజూ పోతానే ఉందంట గదమ్మా. రాత్రి కూడా మాట్టాడిందంట. కాలేజీ శానా బాగుందంట. సార్లు బాగా చెప్తన్నారంట. మీకు దణ్ణాలు చెప్పమన్నాడు అన్న.”

ఆ దణ్ణాలు అందుకొని ఫోన్ పెట్టేశాను.

ఆ సాయంత్రమే సూపర్‌వైజర్ని వెంటబెట్టుకొని ఆమె ఉండే పీజీ హాస్టలుకి వెళ్ళాను. దారి పొడుగునా అతను ఏవేవో ఊహించి నన్ను భయపెడుతూనే ఉన్నాడు. “నేను ఎన్ని చూసినానక్కా. ఆ పిల్ల ఆడ ఉండదు చూడు,” అన్నాడు.

ఆ పిల్ల అక్కడే ఉంది. వసారాలో కూర్చొని, చెవులకు ఏవో పెట్టుకొని, అకౌంటెన్సీ లెక్కలు చేసుకుంటోంది. ఫోటోలో మొహమే, ఇంకాస్త నవ్వుతూ.

“నేను మీ కాలేజీ నుంచి వచ్చానమ్మా,” అన్నాను.

నన్ను కిందనుంచి పైకి చూసింది. “మా కాలేజీయా? మిమ్మల్ని ఎప్పుడూ చూళ్ళేదే మేడం.”

“నేనూ నిన్ను చూళ్ళేదు. అందుకే వచ్చాను. క్లాసుకి ఎందుకు రావడం లేదు?”

“ఏంది మేడం, రోజూ వస్తన్నా గదా! ఒక్కరోజు కూడా మానలా. మొన్న చైర్మన్ సారు కూడా నన్ను మెచ్చుకున్నాడు. మీసాలు ఇట్టా తిప్పతా,” అని వేళ్ళతో గాలిలో మీసం మెలేసి చూపించింది.

మా చైర్మన్‌కు మీసాలు లేవు. నున్నగా గీసుకొని ఉంటాడు. ఊరంతా ఎరిగిన ఆ మీసాలు ఎవరివో నాకూ, సూపర్‌వైజరుకూ ఒకేసారి తట్టింది. అతను రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

“అయ్యో దేవుడా. నేనేనక్కా. పక్క గేటులో పొమ్మని చెప్తిని కదా!”

విషయం ఇది. ఆ అమ్మాయి పక్క కాలేజీలో బీకాం మొదటి సంవత్సరం క్లాసులో మూడు వారాలుగా చదువుకుంటోంది. హాజరులో తన పేరు పిలవకపోతే లేచి చెప్పింది. ఇంకా అడ్మిషన్లు జరుగుతున్నాయి కాబట్టి ఆ మేష్టారు చివర్న పెన్సిలుతో రాసుకున్నాడు. అంతే. అంతటితో ఆగిందా? మొదటిరోజు తను దారి తెలియక తిరిగింది కాబట్టి, రెండోరోజు నుంచి తనలాగా తిరుగుతున్నవాళ్ళను పట్టుకొని క్లాసుల్లో దిగబెట్టడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి అక్కడ కొత్తవాళ్ళకు ఏం కావాలన్నా ఈమెనే అడుగుతున్నారు. అంటే నా ఉద్యోగం చేస్తోందన్నమాట, పక్క కాలేజీలో, ఉచితంగా.

అసలు సంగతి చెబితే ఏడుస్తుందనుకున్నాను. పకపకా నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆపి అడిగింది.

“మేడం, అక్కడ ఒక్కపూట కనపడకపోతే ఏమైందని పదిమంది అడుగుతారు. మీ కాలేజీలో నేను రాలేదని ఇన్నాళ్ళూ ఎవురికీ తెలీలేదా?”

ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. ఏదీ అంత సూటిగా తగల్లేదు.

“రేపే వచ్చెయ్యమ్మా,” అన్నాను చివరికి.

“శనివారం ఫ్రెషర్స్ డే మేడం. యాంకరింగ్ నేనే. మాటిచ్చా. అది అయ్యాక ఆలోచిస్తా.”

వస్తా అనలేదు, ఆలోచిస్తా అంది. గమనించారా?

పక్క కాలేజీలో నాలాగే సహాయ కేంద్రం చూసుకునే ఆమె నాకు తెలుసు. గూడూరు ఆమె. ఆదివారాలు ఇద్దరం ఒకే తెలుగు చర్చిలో పక్కపక్కన నిలబడి పాటలు పాడేవాళ్ళం. కానీ మా యజమానుల గొడవ మూలాన ఆఫీసు మాటలు ఎప్పుడూ ఎత్తుకొనేవాళ్ళం కాదు. ఆ శుక్రవారం క్వయర్ ప్రాక్టీసులో, పాటల పుస్తకం అడ్డం పెట్టుకొని ఆమె చెవిలో సంగతంతా ఊదాను. ఆమె స్వరం మధ్యలో తెగిపోయింది.

“అక్కా! ఆ పిల్ల మీ కాలేజీదా? నేనే స్టేజీ ఎక్కిస్తున్నా! తెలిస్తే మా చైర్మన్ నన్ను బతకనిస్తాడా?”

“మరి నేను బతకాలా వద్దా? ఆమె ఇన్ని రోజులూ చదివినట్టు ఒక కాయితం ఇప్పించు, హాజరు వేయించుకుంటాను.”

“మీ కాలేజీకి మేము కాయితం ఇవ్వడమా! మీ గోడమీద వాలిన కాకిని కూడా మా సారు తోలేయమంటాడు.”

“ఆ మూల ఆల్టో గొంతులు! పాడతారా, కబుర్లాడతారా?” అని పాట నేర్పే ఆయన కేకలేశాడు. ఇద్దరం తల దించుకొని దేవుణ్ణి స్తుతించాం.

శనివారం మధ్యాహ్నం నేనూ సూపర్‌వైజరూ ఆ అమ్మాయి తరఫు పెద్దవాళ్ళమని చెప్పుకొని పక్క కాలేజీ ఆడిటోరియంలో వెనక వరసలో కూర్చున్నాం. అతను యూనిఫాం విప్పి తెల్లచొక్కా వేసుకొని వచ్చాడు. అయినా గేటు దగ్గర వాళ్ళ గార్డు, రోజూ ఇతనితో కలిసి టీ తాగేవాడు, టక్కున సెల్యూట్ కొట్టాడు. “సుమ్నే గమ్మునుండప్పా, మానం తీస్తావు,” అని ఇతను పళ్ళ బిగువున గొణిగాడు.

ఆ పిల్ల స్టేజీ మీదికి వచ్చింది. కాస్త ఇంగ్లీషు, కాస్త తెలుగు, నేర్చుకున్న నాలుగు కన్నడ ముక్కలు కలిపి మాట్లాడుతుంటే హాలంతా ఆమె చెప్పుచేతల్లోకి వచ్చేసింది. మధ్యలో మా వైపు ఒకసారి చూసి, కన్ను గీటినట్టే అనిపించింది నాకు.

“కొత్తగా వచ్చినోళ్ళకి ఒక సలహా,” అంది మైకులో. “బీ బ్లాకు ఎక్కడుందో తర్వాత వెతుక్కోండి. ముందు ఏ కాలేజీలో ఉన్నారో బోర్డు చదువుకోండి!”

అందరూ జోకనుకొని నవ్వారు. నాకు పొలమారింది. సూపర్‌వైజరు నా వీపు మీద తట్టాడు.

చివర్న మీసాల చైర్మన్ స్టేజీ ఎక్కాడు. ఆమె చేతికి ఒక బహుమతి ఇచ్చి, భుజం తట్టి, “భలే మాట్లాడినావమ్మా! నీ రోల్ నంబరు ఎంత?” అన్నాడు.

ఆమె బహుమతిని చేతిలో అటూ ఇటూ తిప్పింది. పక్కన నిలబడ్డ మా గూడూరు ఆమె నేలచూపులు చూసింది.

“ఇంగా ఇయ్యలేదా?” చైర్మన్ గొంతు పెరిగింది. “ఏమప్పా ఆఫీసోళ్ళూ, ఇన్ని దినాలు ఏం చేస్తా ఉండారు? ఇట్లాంటి పిల్లకి నంబరు లేదంటే ఎట్ల? ఈ పొద్దే ఇయ్యండి. నేను చెప్తా ఉండా, ఈ పిల్ల చదువు నాది!”

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఒక్క మాట అంటే చాలు, సరే సార్ అంటే చాలు, ఆమెకు అక్కడే సీటు. స్నేహితులు అక్కడే, పేరు అక్కడే. మా దగ్గర ఏముంది? నాకు పడాల్సిన చీవాట్లు తప్ప. ఆమె నా వైపు చూసింది. నేను ఏ సైగా చేయలేదు. ఏం సైగ చేయాలో తెలిస్తే కదా.

ఆమె మైకు దగ్గరికి జరిగింది.

“సార్, నాకు నంబరు ఉంది. గోడకి అవతల ఉంది. మా నాన్న అక్కడ చేర్పించాడు. నేనే గేటు తప్పి ఇటు వచ్చా. మీరు ఇస్తానన్నది తీసుకుంటే మా నాన్నకి అబద్ధం చెప్పినట్టయితది. మన్నించండి సార్.”

చైర్మన్ ఆమెను చూశాడు, గోడవైపు చూశాడు. మీసాలు కదిలాయి. కోపమేమో అనుకున్నాం. పొట్ట పట్టుకొని నవ్వడం మొదలుపెట్టాడు.

“మా బావ కాలేజీ పిల్లా! ఇన్ని దినాలు బావకి తెలీనే లేదా! ఫోను ఇయ్యండప్పా, ఫోను!”

ఎన్నేళ్ళుగానో మాట్లాడని మనిషికి అక్కడే నిలబడి ఫోన్ కలిపాడు. స్పీకరు పెట్టాడు. పక్కనే మైకు. హాలంతా విన్నది.

“హలో, ఎవరు?”

“ఎవరేంది, నీ బామ్మర్దిని!”

అటునుంచి మా చైర్మన్ గొంతు, కంగారుగా. “ఏమిరా... అత్తకి ఏమన్నా ఆయెనా?”

నవ్వుతున్న మనిషి నవ్వు ఆపేశాడు. మైకు వైపు వీపు తిప్పి, మెల్లగా అన్నాడు. “అమ్మ బాగుండాది బావా. నిన్ను అడుగుతా ఉంటాది.” ఆ తర్వాత మళ్ళీ గొంతు పెంచి, “అది కాదు, నీ కాలేజీ పిల్ల ఒకటి నా దగ్గర చదువుతా ఉండాది, తెల్సునా నీకు?” అని అందుకున్నాడు.

సోమవారం మా చైర్మన్ నన్నూ, డైరెక్టర్నీ, సూపర్‌వైజర్నీ పిలిపించాడు. ముగ్గురం రాజీనామాలు రాయడానికి సిద్ధపడే వెళ్ళాం. డైరెక్టరు పాపం తనే ముందుకు వచ్చి, “సార్, లోపం నా సిస్టంలో ఉంది, వీళ్ళది కాదు,” అంది. ఆ రోజునుంచి మా డైరెక్టరంటే నాకు గౌరవం పెరిగింది.

“సిస్టం సంగతి ఆమీద చూస్తాం,” అన్నాడు చైర్మన్. “వాని కాలేజీ పిల్లలు ఎవురన్నా మన దగ్గర ఉండారేమో వెతకండప్పా. బేగ!”

పరువు ప్రతిష్ఠల సమస్య. క్లాసు క్లాసూ గాలించాం. దొరికాడు. మెకానికల్ మొదటి సంవత్సరంలో, కిటికీ పక్కన, ప్రశాంతంగా నోట్సు రాసుకుంటూ. పక్క కాలేజీ అబ్బాయే, అతనూ గేటు తప్పి ఇటు వచ్చినవాడే. పైగా గెస్టు లాగిన్‌తో దూరి, మా యాప్‌లో ‘స్టార్ ఫ్రెషర్’ అనే బ్యాడ్జి కూడా సంపాదించాడు. ఆకుపచ్చగా మెరుస్తోంది. చైర్మన్‌కు ఆ కబురు చెప్పగానే ఆయన మొహం చూడాలి! వెంటనే బామ్మర్దికి ఫోన్. అరుపులు, నవ్వులు, బూతులు కూడా. ఆ అరుపుల్లోనే ఈమె హాజరు మాకు, అతని హాజరు వాళ్ళకు లెక్క తేలిపోయింది. నేనూ గూడూరు ఆమె ఎంత తల బద్దలు కొట్టుకున్నా కాని పని అది.

మంగళవారం ఆ అమ్మాయిని నేనే స్వయంగా క్లాసుదాకా తీసుకెళ్ళాను. కొత్త క్లాసు, కొత్త మొహాలు. మళ్ళీ మొదటినుంచి అందరితో పరిచయం చేసుకోవాలి. గుమ్మం దగ్గర ఆగింది.

“మేడం, రేపు నేను రాకపోతే ఫోన్ చేస్తారా?”

“చేస్తాను.”

“ఎల్లుండి?”

“రోజూ చేస్తాను. లోపలికి పో.”

బుధవారం మొదటి పీరియడు అయ్యాక ఆ క్లాసుకి వెళ్ళి చూశాను. రాలేదు. పక్క కాలేజీకే వెళ్ళిపోయిందేమో, మళ్ళీ మొదటికొచ్చిందేమో అనుకుంటూ నా గదికి వచ్చి ఫోన్ చేశాను. గాజు తలుపు అవతల, వరండాలో, ఏదో సినిమా పాట మోగింది. తలెత్తి చూస్తే తనే. పుస్తకాలు గుండెకు హత్తుకొని, మోగుతున్న ఫోన్ చేత్తో పట్టుకొని, నన్నే చూస్తోంది. పాట పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు ఎత్తింది.

“హలో మేడం, నేను ఇయ్యాల రాలేదు,” అంది.

“తెలిసింది,” అన్నాను.